కంపెనీ వాటా కేసులో "టైం దాటింది, ఇది ఈ కోర్టుది కాదు" అంటున్నారు, మీలో ఎవరికైనా ఇలా ఎదురైందా?

చీమకుర్తి కుర్రాడు:
మాది గ్రానైట్ ప్రైవేట్ లిమిటెడ్, నాన్నకి 30 శాతం ఉండేది. ఆయన 2019 ఫిబ్రవరిలో పోయారు. ఆగస్టులో ఆ షేర్లు చిన్నాన్న పేరు మీదకి వెళ్లాయి, బదిలీ ఫారం మీద నాన్న సంతకమే ఉంది! 2024 జూన్‌లో ఎన్‌సీఎల్‌టీ (కంపెనీ తగాదాలు వినే ట్రిబ్యునల్) అమరావతి బెంచ్‌లో పిటిషన్ వేశాం. వాళ్ల కౌంటర్‌లో, అంటే రాతపూర్వక జవాబులో, ఆ సంతకం గురించి ఒక్క ముక్క లేదు, అన్నీ ప్రిలిమినరీ అబ్జెక్షన్లే, అంటే అసలు విషయంలోకి వెళ్లకుండానే కొట్టేయమనే అభ్యంతరాలు. మూడేళ్లు దాటిందట, వారసత్వ తగాదా కాబట్టి ఒంగోలు సివిల్ కోర్టుకి పొమ్మంటారు, పైగా మేం అసలు సభ్యులమే కాదట. దీంతోనే కొట్టేస్తారా? అమ్మకి ఒకటే టెన్షన్.

కందుకూరు ఆడిటర్:
కంపెనీల చట్టం 433 సెక్షన్ వల్ల కేసు వేయడానికి గడువు పెట్టే లిమిటేషన్ చట్టం ట్రిబ్యునల్‌కీ వర్తిస్తుంది, అంతవరకు వాళ్లది నిజమే. కానీ 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా కోవిడ్ కాలాన్ని లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టే చెప్పింది కదా. ఆగస్టు నుంచి లెక్కేస్తే కోవిడ్‌కి ముందు ఏడు నెలలు, తర్వాత రెండేళ్ల మూడు నాలుగు నెలలు. మూడేళ్లు నిండలేదు, అంచున ఉన్నారు అంతే. మోసం చేసి దాచారని చూపిస్తే ఆ లిమిటేషన్ చట్టం 17 సెక్షన్ కింద తెలిసిన రోజు నుంచే లెక్క. ఎంసీఏ (కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో వంద రూపాయలు కట్టి కంపెనీ వార్షిక రిటర్న్ తీసుంటారుగా, ఎప్పుడు తెలిసిందో చూపేది ఆ రసీదే, జాగ్రత్త. "రిటర్న్ అందరికీ కనపడేదే, ముందే ఎందుకు చూడలేదు" అని అడుగుతారు, జవాబు ఇప్పుడే అనుకోండి.

నెల్లూరు హేచరీ:
మాది తిరగేసిన కథ. ముందు నెల్లూరులో సివిల్ దావా వేస్తే, కంపెనీల చట్టం 430 సెక్షన్ ప్రకారం ఇది ట్రిబ్యునల్ పని అని చెప్పి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 11 కింద, విచారణ దాకా పోకుండానే కొట్టేయించారు. సరే అని ట్రిబ్యునల్‌కి పోతే అదే మనుషులు, అదే లాయరు, "ఇది టైటిల్ (యాజమాన్య హక్కు) గొడవ, సివిల్ కోర్టుకి పోండి" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రెండు కౌంటర్లూ పక్కపక్కన పెట్టి ఫైల్ చేశాక ఇక ఆ మాట ఎత్తలేదు. సివిల్ కోర్టులో పోయిన కాలాన్ని లిమిటేషన్ చట్టం 14 సెక్షన్ కింద మినహాయించారు, కాకపోతే మంచి ఉద్దేశంతో, అశ్రద్ధ లేకుండా నడిపామని చూపించాల్సొచ్చింది.

ఒంగోలు వకీలు:
తమ్ముడూ, సివిల్ కోర్టుకి పొమ్మనడానికి వాళ్లు 1998 నాటి అమోనియా సప్లైస్ తీర్పు తెస్తారు. మీరు 2019 శశి ప్రకాష్ ఖేమ్కా తీర్పు చూపించండి, ట్రిబ్యునల్ తేల్చాల్సినవి సివిల్ కోర్టు వినకూడదనే 430 సెక్షన్ సంగతి అందులో స్పష్టంగా ఉంది. సభ్యులు కారన్నదానికి 1990 వరల్డ్ వైడ్ ఏజెన్సీస్ తీర్పు చాలు. రిజిస్టర్‌లో పేరు ఎక్కకపోయినా చనిపోయిన సభ్యుడి వారసులు పిటిషన్ వేయొచ్చని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. ఇలాంటి పిటిషన్ వేయడానికి 244 సెక్షన్ కింద 10 శాతం వాటా ఉంటే చాలు, మీ నాన్నది 30. లిమిటేషన్‌లో వాస్తవాలు కూడా తేల్చాలి కాబట్టి అసలు కేసుతో కలిపి వినమని అడగండి. విడిగా వింటే అప్పీళ్లతోనే ఏళ్లు గడుస్తాయి, వాళ్లకి కావాల్సిందీ అదే. ఇంతకీ రిజిస్టర్డ్ ఆఫీసు ఎక్కడ? క్వారీ ఇక్కడున్నా ఆఫీసు హైదరాబాదులో ఉంటే బెంచే మారిపోతుంది.

చీమకుర్తి కుర్రాడు:
ఒంగోలు కర్నూలు రోడ్డులోనే సార్. రసీదు కూడా ఉంది, 2023 డిసెంబర్‌ది.

నెల్లూరు హేచరీ:
అయితే బెంచ్ పేచీ లేదు. ఒకవేళ ఆర్డర్ ఎదురుతిరిగినా 45 రోజుల్లో చెన్నై అప్పిలేట్ ట్రిబ్యునల్‌కి పోవచ్చు, మా నెల్లూరోళ్లకైతే అమరావతి కంటే అదే దగ్గర. వాయిదా ఎప్పుడో చెప్పన్నా, కౌంటర్‌కి మేం ఇచ్చిన జవాబు, అదే రిజాయిండర్, కాపీ పేర్లు కొట్టేసి పంపుతా.