పాత కారు బ్రేకు గొట్టాలు ఇంట్లోనే మార్చినవారు ఉన్నారా?

పాతచక్రం
పాతికేళ్లు దాటిన కారు. వెనక చక్రం దగ్గర మట్టి గీకుతుంటే బ్రేకు గొట్టం మీద తుప్పు పొక్కులు కనిపించాయి. గోటితో గీరితే పొరలుగా ఊడివచ్చింది. ఇంకా కారడం లేదు కానీ, అది చూసినప్పటి నుంచి పెడల్ తొక్కాలంటే కాలు జంకుతోంది. రాగి గొట్టం చుట్ట తెచ్చి నేనే మార్చుకుందామని ఆలోచన. ఇంజిన్ ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వేయడం అలవాటే. నట్టు బిగిస్తే ద్రవం కారకుండా కూర్చునేలా గొట్టం చివర్లు మడిచే పని మాత్రం ఎన్నడూ చేయలేదు. మీరు ఎక్కడ దెబ్బతిన్నారో చెప్పండి. వీడియోలు చాలానే చూశాను. వాటిలో ఎవరికీ ఏ నట్టూ బిగుసుకుపోదు!

ఆకురాయి
ఆ చుట్ట అప్పుడే కొనకండి. అందరూ రాగి గొట్టం అనేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి అచ్చమైన రాగి. హాయిగా వంగుతుంది, కానీ ఏళ్ల తరబడి అదురు తగిలి గట్టిపడి పగులుతుంది. కొన్ని చోట్ల నిబంధనలే దాన్ని బ్రేకులకు ఒప్పుకోవు. రెండోది రాగిలో సుమారు 10 శాతం నికెల్, కాస్త ఇనుము, మాంగనీస్ కలిసిన మిశ్రమం. ఇదీ చేత్తోనే వంగుతుంది, ఉక్కులా తుప్పు పట్టదు, అదురుకు ఓర్చుకుంటుంది. బ్రేకులకు తయారైనదని రాసి ఉన్న మిశ్రమ గొట్టమే తీసుకోండి. నీళ్లకో, ఫ్రిజ్జుకో వాడే రాగి గొట్టం ఊసే వద్దు.

నిదానం
నా నిర్వాకం చెబుతాను. మొదటి గొట్టం కొలిచి, కోసి, వంచి, రెండు చివర్లూ ముచ్చటగా మడిచి కారు కిందికి దూరాను. నట్లు చూస్తే బల్ల మీదే ఉన్నాయి. మడత పడ్డాక నట్టు ఎక్కదు కదా, ఆ చివర్లు కోసి పారేయాల్సి వచ్చింది. రెండోసారి నట్టు ఎక్కించాను, కానీ తిరగేసి. అప్పటి నుంచి గొట్టం కోయగానే రెండు నట్లూ ఎక్కించి, జారకుండా టేపు చుట్టి, ఆ తర్వాతే మడత పరికరం ముట్టుకుంటాను.

ఒళ్లు హూనం చేసేది మాత్రం పాత నట్లే. మామూలు పానా పెడితే పలకలు అరిగి గుండ్రమైపోతాయి. గొట్టం దూరేందుకు ఒక పక్క సందు ఉండి, మిగతా చుట్టూ నట్టును పట్టేసే పానా దొరుకుతుంది, అదే వాడండి. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. అయినా కదలకపోతే, ఎలాగూ పారేసే గొట్టమే కాబట్టి నట్టు పక్కనే కోసేసి, ఆరు పలకల సాకెట్ బిగించి తిప్పండి. రబ్బరు గొట్టంతో కలిసే చోట మాత్రం రబ్బరు వైపు ఇంకో పానాతో పట్టుకోండి, లేకపోతే అదీ మెలిపడుతుంది.

నేలమీదకాలు
నిరుత్సాహపరచాలని కాదు. ప్యాడ్లు సరిగా పడకపోతే ముందు చప్పుడు చేసి చెబుతాయి. గొట్టం జాయింటు అలా చెప్పదు. ఇంట్లో నిలిపినప్పుడు పొడిగా ఉండి, ఒక్కసారి గట్టిగా తొక్కిన రోజున చేతులెత్తేయవచ్చు. బ్రేకు ద్రవానికి రెండు విడి సర్క్యూట్లు ఉన్న కారులో ఒకటి పోయినా రెండోది పనిచేస్తుంది నిజమే, కానీ ఆ సగం బ్రేకు మీద ఆగడానికి ఎంత దూరం పడుతుందో ఆ క్షణంలోనే తెలుస్తుంది. పాత గొట్టాన్ని విరగకుండా విప్పి, దాని నమూనాతో చివర్లు మడిచిన గొట్టం చేయించుకుని, బిగించడం వరకే మీరు చేసుకోవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆకురాయి
ఆ మాట న్యాయమే. తానే మడవాలనుకుంటే మాత్రం ఒక సంగతి తెలియాలి. మడతలు రెండు రకాలు. ఒకటి గరాటులా విచ్చుకుని, అంచు లోపలికి రెండు పొరలుగా మడిచింది. రెండోది పుట్టగొడుగు తలలా ఉబ్బింది. ఒకదాని చోట ఇంకోటి పనికిరాదు. గొట్టం కూర్చునే రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. అడుగున శంకువు పైకి పొడుచుకొచ్చి ఉంటే రెండు పొరల మడత, లోపలికి పల్లంగా ఉంటే ఉబ్బు మడత. నట్ల మరలు కూడా అంతే. 4.75 మి.మీ. గొట్టానికే 10 మి.మీ. మర నట్టూ ఉంటుంది, 3/8 అంగుళం నట్టూ ఉంటుంది. పక్కపక్కన పెడితే కవలల్లా కనిపిస్తాయి. 3/8 నట్టు 10 మి.మీ. రంధ్రంలోకి వదులుగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, ఒత్తిడి పడితే మర ఊడుతుంది. పాత నట్టును పారేయకుండా దానితో పోల్చి కొనండి.

ఇంకో మాట. మధ్యలో అతుకు వేయాల్సి వచ్చినా చివర్లు మడిచే కలపాలి. నీళ్ల పైపులకు వాడే, రింగు నొక్కి బిగించే అతుకులు బ్రేకు ఒత్తిడికి ఆగవు.

నిదానం
గొట్టం విప్పే ముందు పెడల్‌ను అంగుళం కిందికి నొక్కి, అలాగే ఉండేలా సీటుకూ పెడల్‌కూ మధ్య కర్ర అడ్డం పెట్టండి. పెడల్ తొక్కితే ద్రవాన్ని గొట్టాల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో దారి మూసుకుని, పైన డబ్బాలోని ద్రవం అంతా కారిపోకుండా ఉంటుంది. అలా ఉన్నంతసేపూ బ్రేకు లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి బ్యాటరీ తీగ తీసేయండి. నేను మరిచాను, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

పాతచక్రం
రెండు వారాల తర్వాత వస్తున్నాను. వెనక గొట్టాలు రెండూ మార్చాను, స్టాండ్ల మీద నిలబెట్టే, ఒట్టి జాకీని నమ్మలేదు. వృథా ముక్కల మీద పది మడతలు సాధన చేశాకే అసలుది ముట్టుకున్నాను. డాట్ 4 రకం బ్రేకు ద్రవం పోసి, గొట్టాల్లో చిక్కిన గాలి తీసి, ఇంజిన్ ఆన్ చేసి పెడల్‌ను రెండు నిమిషాలు గట్టిగా తొక్కి పట్టాను. జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ చుట్టి ఉంచాను. మూడు పొడిగా ఉన్నాయి. ఎడమ వెనకది మాత్రం ఆవగింజంత తడిసింది.

మొదట ఇంకాస్త బిగిద్దామని పానా పట్టుకున్నాను. మళ్లీ ఆగి, విప్పి, భూతద్దం కింద చూశాను. మడత ముఖం మీద వెంట్రుకంత రాగి పీచు అణిగి ఉంది. కోసిన అంచును లోపల నున్నగా గీకకుండానే మడిచానన్నమాట. ఎంత బిగించినా అది ఆగేది కాదు, ద్రవాన్ని ఆపేది మడత ముఖమే కదా. కోసి మళ్లీ చేశాను. ఈసారి టిష్యూ పొడిగానే ఉంది, మర్నాడు, వారం తర్వాత కూడా.

నేలమీదకాలు
ఆగి విప్పి చూడడం మంచి పని. పాత మాస్టర్ సిలిండర్ అయితే గాలి తీసేటప్పుడు పెడల్ పూర్తిగా అడుగంటేలా తొక్కారా? అలా తొక్కితే రబ్బరు సీళ్లు మామూలుగా ఎప్పుడూ వెళ్లని లోపలి గరుకు భాగానికి రాసుకుని చిరిగే ప్రమాదం ఉంది.

పాతచక్రం
లేదు, పెడల్ అడుగున చెక్క ముక్క పెట్టాను, అదీ ఎవరో చెప్పిన చిట్కాయే. కారు రంగు మీద పడిన రెండు బ్రేకు ద్రవం చుక్కలు మాత్రం నీళ్లతో కడిగేలోపే పెయింటును లేపేశాయి. ముందు గొట్టాలు ఇంకా పాతవే, వాటిని వచ్చే నెల చూస్తాను.