సగంలో ఆపేసిన పుస్తకం మీద అభిప్రాయం చెప్పొచ్చా?

చదువరి:
నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాను. తీరిక దొరికితే చేతికందిన పుస్తకం చదువుతాను, అనిపించింది రాస్తాను. ఈమధ్య బుచ్చిబాబు నవల ‘చివరకు మిగిలేది’ గురించి రాస్తూ, సగం దాటాక ముందుకు సాగలేకపోయానన్నాను. కథానాయకుడు దయానిధి ప్రతి చిన్న విషయం దగ్గరా ఆగి ఆలోచనల్లో పడిపోతుంటే భారంగా అనిపించిందన్నాను. పూర్తిగా చదవకుండా మాట్లాడే హక్కు లేదని ఒకరు గట్టిగా మందలించారు. ఇదేం న్యాయం? ఎక్కడ ఆగిపోయానో, ఎందుకు ఆగిపోయానో చెప్పడం అభిప్రాయం కాదా?

నిదానం:
ఆ మందలింపు సరైనదేనండీ. ‘కన్యాశుల్కం’ తీసుకోండి. మొదటి రెండు అంకాలు చదివి ఆపేస్తే గిరీశం ఎలా కనిపిస్తాడు? వెంకటేశాన్ని మాటలతో బుట్టలో వేసుకుంటాడు, అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో తిష్ఠ వేస్తాడు. మనకు నవ్వొస్తుంది, అతని మీద ఇష్టం కూడా కలుగుతుంది. ఏడో అంకంలో మధురవాణి సౌజన్యారావు పంతులు ఇంటికి వచ్చాక గాని ఆ ఇష్టాన్ని మనం ఎవరి మీద పెట్టుకున్నామో తెలియదు. ఆమెను వేశ్యగా దూరం పెట్టిన పెద్దమనిషి ముందు ఆమే అందరికంటే ఎత్తున నిలబడుతుంది. గురజాడ 1897లో అచ్చువేసిన నాటకాన్నే మళ్లీ మొదటినుంచీ తిరగరాసి, బాగా పెంచి 1909లో తెచ్చారు. అంత శ్రమపడి కట్టిన కథను రెండో అంకం దగ్గర తేల్చేస్తామా?

పాతపేజీ:
అన్నిటినీ ఒకే గాట కట్టకండి. ‘అమరావతి కథలు’ వంద. పాతిక చదివినవారు ఆ పాతిక గురించి నిక్షేపంగా మాట్లాడొచ్చు, ఏ కథకా కథే పూర్తి. ‘బారిష్టరు పార్వతీశం’ మూడు భాగాలు. ఆడవాళ్ల టోపీ అని తెలియక కొనుక్కుని పెట్టుకు తిరిగే పార్వతీశం మొదటి భాగంలోనే మనసులో నిలిచిపోతాడు. అక్కడితో ఆపినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకా పుస్తకం తెలియదని నేను అనలేను.

నిదానం:
కథల సంపుటాల సంగతి ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న దయానిధి గురించి. ఆ నవల పేరే ఒక ప్రశ్న, జవాబు చివర్లో ఉంది. తల్లి మీద పడిన నింద అతన్ని ఎక్కడికి వెళ్లినా వెంటాడుతుంది. అతని ఆలోచనల బరువంతా అందులోంచి వచ్చిందే. సగంలో ఆపినవారికి బరువే మిగులుతుంది, అది దేనికో తెలియదు.

వెన్నెల:
ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతున్నాయి. ‘నేను చదవలేకపోయాను’ అన్నది ఒకటి, ‘ఇది బాగాలేదు’ అన్నది మరొకటి. మొదటిది ఎవరైనా, ఏ పేజీ దగ్గరైనా అనొచ్చు. రెండోదానికి చివరిదాకా వెళ్లాలి. ఇక మామూలు పాఠకుడి అనుభూతికి విలువ లేదంటే మాత్రం ఊరుకోను. 1950లో వచ్చిన శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’కి చలం రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’ చూడండి. అందులో పండిత విమర్శ కొలతలేవీ ఉండవు. ఆ కవిత్వం తనను ఏం చేసిందో చెబుతాడు, ఆవేశపడతాడు, దెబ్బలాడతాడు. కవిత్వంతో పాటు ఆ పేజీలనూ ఇప్పటికీ ఇష్టంగా చదువుతున్నాం.

నిదానం:
చలం ఆ కవిత్వాన్ని ఒంటబట్టించుకుని రాశాడండీ, సగంలో మూసేసి కాదు.

చదువరి:
వెన్నెలగారు చెప్పిన తేడా నాకు నచ్చింది. నేను రాసింది మొదటి రకమే. నిదానంగారూ, మీరు ఒక్కటి ఆలోచించండి. లావుపాటి నవలను చివరిదాకా చదివేది ఎక్కువగా అది నచ్చినవాళ్లే. వాళ్లే మాట్లాడాలంటే ప్రతి పుస్తకం గురించీ మెప్పుదలే వినిపిస్తుంది. కొత్తగా చదవబోయేవాడికి ఎక్కడ కష్టమవుతుందో చెప్పేదెవరు? రావిశాస్త్రి ‘అల్పజీవి’ నేను చివరిదాకా చదివాను. సుబ్బయ్య భయం లోపల్లోపలే తిరిగే ఆ పేజీలు మొదట్లో నాకు కొరుకుడు పడలేదు. ‘కాస్త ఓపిక పట్టు, ఆ వాక్యాలకి అలవాటు పడతావు’ అని తనూ ఒకసారి సగంలో ఆపేసిన మిత్రుడొకడు చెప్పాడు గనకే పట్టుకుని కూర్చున్నాను.

నిదానం:
ఆ మిత్రుడు తర్వాత పూర్తిచేశాడా?

చదువరి:
చేశాడు, రెండోసారికి.

నిదానం:
అయితే మీకా మాట చెప్పింది పూర్తిగా చదివినవాడే. మీరూ ‘చివరకు మిగిలేది’ మళ్లీ అందుకోండి. పూర్తయ్యాక కూడా దయానిధి భారమే అంటే అప్పుడు వాదించుకుందాం.