చిన్న ఊళ్లో కొరియన్ రెస్టారెంట్: నలుగురం వెళ్తే ఏం చెప్పుకోవాలి?

ప్రశ్న (బాటసారి):

మేముండే చిన్న ఊళ్లో ఈ మధ్య ఒక కొరియన్ రెస్టారెంట్ తెరిచారు. ఏడెనిమిది బల్లలకు మించి పట్టని చోటు. వంట భార్య, వడ్డన భర్త చూసుకుంటున్నారు. వచ్చే ఆదివారం నలుగురం కలిసి వెళ్లాలనుకుంటున్నాం. మాలో ఒకరు పూర్తి శాకాహారి, మరొకరు పంది మాంసం ముట్టరు. మెనూ తెరిచి చూస్తే యాభై దాకా పేర్లున్నాయి, వాటి మధ్యలో జపాన్, చైనా వంటకాలు కూడా కనిపించాయి. ఇంత చిన్న వంటింట్లో అన్నీ బాగా వండగలరా అన్నది నా మొదటి సందేహం. పక్క బల్లల మీద చిన్న చిన్న గిన్నెల్లో ఏవేవో వడ్డించారు; వాటికి విడిగా వెల వేస్తారా, మళ్లీ అడగవచ్చా అన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (పొగలగిన్నె):

ఆ చిన్న గిన్నెల్లో ఉన్న నంజుకొనే కూరలను బాన్‌చాన్ అంటారు. కొరియాలో అవి భోజనంలో భాగమే కాబట్టి వాటికి విడిగా డబ్బు తీసుకోరు, అయిపోతే అడిగినవారికి మళ్లీ వడ్డిస్తారు. కొరియా బయట కొన్నిచోట్ల రెండోసారికి వెల వేసే పద్ధతి ఉంది కనుక ముందే అడగడంలో తప్పు లేదు. అయితే తినగలిగినంతే అడగండి, ఎందుకంటే వంటింట్లో ఎక్కువ సమయం తినేది అవే.

ఆ హోటల్ మంచిదో కాదో మెనూ చూసి తేల్చలేం, బాన్‌చాన్ చూసి తేల్చవచ్చు. మొలకల గిన్నెనే తీసుకోండి. ఉడికించిన సోయా మొలకలను ఉప్పు, వెల్లుల్లి, నువ్వుల నూనెతో కలుపుతారు. ఆ రోజే చేసినవైతే కొరికినప్పుడు కరకరమంటాయి, నూనె వాసన ముక్కుకు తెలుస్తుంది. నిన్నటివైతే మొలక వాలిపోయి గిన్నె అడుగున నీరు చేరుతుంది. కిమ్చి, అంటే కారం పట్టించి ఊరబెట్టిన క్యాబేజీ, ఇంట్లోనే పెడతారా అని కూడా అడగండి. చలికాలానికి ముందు బంధువులు, ఇరుగుపొరుగు కలిసి కిమ్చి పెట్టుకొనే కిమ్‌జాంగ్ ఆచారాన్ని యునెస్కో 2013లో దక్షిణ కొరియా పేరున సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అంతగా మనసు పెట్టే వంటకం గురించి అడిగితే, తామే పెట్టుకొనేవారు సంతోషంగా చెబుతారు.

ఇక చెప్పుకోవడం సంగతి. కొరియన్ భోజనంలో ఒకటి ముగిశాక మరొకటి వచ్చే వరుస ఉండదు; అన్నం, పులుసు, కూరలు కలిసే బల్ల మీదికి వస్తాయి. అందువల్ల ఎవరి పళ్లెం వారు చెప్పుకోవడం కంటే, ఒక జిగే అంటే చిక్కటి పులుసు, ఉల్లికాడలు వేసి కాల్చే అట్టులాంటి పాజాన్ ఒకటి, రాతిగిన్నెలో వచ్చే బిబింబాప్ ఒకటి, తినేవారి కోసం ఒక మాంసం వంటకం చెప్పుకొని మధ్యలో పెట్టుకోండి. బిబింబాప్ గిన్నె చిటపటలాడుతూ వస్తుంది, అంచు మాత్రం తాకకండి. పైనున్న కూరలను, గోచుజాంగ్ కారపు ముద్దను అన్నంతో వెంటనే కలిపి, అడుగు పొరను కాసేపు కదపకుండా వదిలేయండి. చివర్లో చెంచాతో గీకితే వచ్చే ఆ మాడీ మాడని పెచ్చు కోసమే చాలామంది రాతిగిన్నె అడుగుతారు.

సమాధానం (శాకపాకం):

పై సలహా బాగుంది గానీ, మీ శాకాహారి మిత్రుడికి అది సరిపోదు. కొరియన్ వంటలో పైకి కనిపించే మాంసం కంటే కనిపించనిదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కిమ్చిలో సాధారణంగా ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలో, చేపల రసమో కలుస్తుంది. సోయా ముద్దతో చేసే డోయెన్‌జాంగ్ జిగే పేరుకు శాకాహారంలా కనిపించినా, దాని నీరు చాలాచోట్ల ఎండు నెత్తళ్లు, సముద్రపు నాచు వేసి మరిగించినదే. బియ్యపు పిండి ముద్దలతో చేసే టొక్‌బొక్కిలో చేప పిండి ముక్కలు వేస్తారు. మెత్తటి టోఫుతో చేసే సుందుబు జిగేలో తరచూ ఆలుచిప్పల మాంసం ఉంటుంది. అందుచేత "మాంసం వేయకండి" అంటే చాలదు, "చేప, రొయ్య, వాటి నీరు కూడా వద్దు" అని విడమరిచి చెప్పాలి.

రద్దీ వేళలో ఇదంతా వివరించడం ఇరుపక్షాలకూ కష్టమే, కాబట్టి ఒకరోజు ముందు ఫోన్ చేయండి. నాచు, పుట్టగొడుగులు మాత్రమే మరిగించిన నీటితో ఒక జిగే చేయగలరా అని అడిగితే, ఇంటివాళ్లే నడిపే చోట ఒప్పుకొనే అవకాశం ఎక్కువ. కొరియాలో బౌద్ధ ఆలయాల వంట మాంసం, చేపలతో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా లేకుండా సాగుతుంది, కనుక ఈ కోరిక వారికి వింతగా తోచదు. బిబింబాప్ మాంసం, గుడ్డు లేకుండా అడగవచ్చు, కానీ గోచుజాంగ్‌ను గొడ్డు మాంసం తరుగుతో వేయించే అలవాటు కొన్నిచోట్ల ఉన్నందున అదీ అడిగి తెలుసుకోవాలి.

పంది మాంసం తినని మిత్రుడు కిమ్చి జిగే, మాండు కుడుములు, నల్లటి సాస్‌తో వచ్చే జాజాంగ్‌మ్యోన్ నూడుల్స్ విషయంలో జాగ్రత్త పడాలి.

సమాధానం (నిదానం):

మెనూ పొడవు చూసి అనుమానించడం అంత న్యాయం కాదని నా అభిప్రాయం. చిన్న ఊళ్లో కొరియన్ వంట కోసమే వచ్చేవారు తక్కువ. నాలుగు తెలిసిన పేర్లు చేర్చకపోతే అద్దె కూడా రాదు. పైగా మీరు చైనా వంటకం అనుకున్నది జాజాంగ్‌మ్యోన్ అయితే, అది కొరియా ఓడరేవు నగరం ఇంచియాన్‌లో స్థిరపడిన చైనా వలసదారుల చేతుల్లో మొదలై కొరియన్ల వంటగానే మారినది. జపాన్ సుషీ లాగా కనిపించిన చుట్టలు కింబాప్, అంటే నాచు రేకులో చుట్టిన అన్నం, కావచ్చు. దాని అన్నానికి సిర్కా (వెనిగర్) బదులు నువ్వుల నూనె, ఉప్పు పట్టిస్తారు. ఏం చెప్పుకోవాలో తేలకపోతే, ఈ రోజు మీరేం తిన్నారని ఆ దంపతులనే అడగండి. ఆ సమాధానంలో వచ్చిన వంటకం తప్పకుండా బాగుంటుంది.

మర్యాదల గురించి మీరు అడగకపోయినా రెండు మాటలు చెప్పాలి. అన్నం, పులుసు చెంచాతో, మిగిలినవి లోహపు పుల్లలతో (చాప్‌స్టిక్స్) తినడం అక్కడి పద్ధతి. అన్నం గిన్నెను చేతిలోకి ఎత్తుకోరు. పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చితే చనిపోయినవారికి పెట్టే అన్నం గుర్తుకొస్తుంది, కాబట్టి ఆ పని చేయకూడదు. చెంచాలు బల్ల మీద లేకపోతే, బల్ల పక్కన సొరుగు ఉందేమో చూడండి.

ప్రశ్న (బాటసారి):

అందరికీ ధన్యవాదాలు. ఫోన్ చేశాను, శాకాహారపు జిగే చేస్తామన్నారు, కిమ్చి కూడా రొయ్యలు లేకుండా కొంచెం విడిగా పెట్టి ఉంచుతామన్నారు. బల్ల మీదే కాల్చుకొనే మాంసం కనీసం ఇద్దరికి చెప్పాలన్నారు. మాలో తినేవారు ఇద్దరే, మరి అది చెప్పుకోవచ్చా?

సమాధానం (పొగలగిన్నె):

చెప్పుకోండి. బల్ల మీద కాల్చే మాంసానికి ఇద్దరి వంతు అడగడం కొరియాలోనూ మామూలే. సమ్‌గ్యోప్సల్ పంది మాంసం కనుక మీరు గొడ్డు మాంసపు బుల్గోగి అడగండి, అది కూడా తినకపోతే కోడి మాంసం ఉందేమో కనుక్కోండి. శాకాహారి మిత్రుడిని పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, మాంసం తిప్పే పటకారు, కత్తెర ఆయన గిన్నెల వైపు రాకుండా చూసుకోండి. పుట్టగొడుగులు, వెల్లుల్లి ఆ పెనం మీదే కాలుస్తారు కాబట్టి ఆయన వాటా పచ్చిగా ఉండగానే వంటింటికి పంపి వేరే పెనం మీద వేయించమనడం మేలు.