వేలిముద్రలు చూసి పిల్లల తెలివి చెప్తామంటున్నారు, నమ్మొచ్చా?

ఆముదాలవలస అమ్మ:
మా గుంటడు ఆరో తరగతి. పోయిన నెల ఒక సెంటర్‌వాళ్లు బడికి వచ్చి, పది వేళ్లూ స్కాన్ చేస్తే పిల్లాడి బుర్రలో ఏ భాగం ఎంత చురుకో తెలిసిపోతుందన్నారు. శ్రీకాకుళం తీసుకెళ్లి నాలుగు వేలు కట్టి చేయించాం. ముప్పై పేజీల రంగుల రిపోర్టు ఇచ్చారు. ఒక్కో వేలికి ఒక్కో తెలివట. సంగీతం 14 శాతం, మాటకారితనం 13, లెక్కలు 7. మా ఆయన "పూర్వం తల తడిమి గుణాలు చెప్పేవారు, ఇదీ అదే" అంటున్నారు. మా ఆడపడుచు "సైన్స్ చెప్తే కూడా నమ్మరా" అని కోప్పడుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కోట జంక్షన్:
విజయనగరంలో మా పాపకు చేయించాం. నాకైతే మంచే జరిగింది. పాప బొమ్మలు గీస్తుంటే రోజూ తిట్టేవాణ్ణి. రిపోర్టులో ఆ తెలివి ఎక్కువని చూశాక తిట్టడం మానేశాను. పైగా వాళ్లు చెప్పిన కారణం సబబుగానే ఉంది. కడుపులో బిడ్డకు వేలి గీతలు ఏర్పడే రోజుల్లోనే మెదడూ పెరుగుతుంది. చర్మం, మెదడు రెండూ పిండంలోని ఒకే పొర నుంచి వస్తాయి. అలాంటప్పుడు సంబంధం లేదని ఎలా అంటాం?

నారాయణవలస సంత:
నేను పశువుల బేరాలవాణ్ణి. కోడెను కొనేటప్పుడు సుళ్లు చూస్తాం. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి కీడని ధర తగ్గిస్తారు. మా నాన్న అలాంటి కోడెను సగం ధరకు తెచ్చి తొమ్మిదేళ్లు దున్నాడు, ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఒక్క మాట. సుడి ఎంత మంచిదైనా, కాడి వేసి నాలుగడుగులు నడిపించి చూడకుండా సంతలో ఎవడూ డబ్బు లెక్కపెట్టడు.

సైన్స్ మాస్టారు:
అమ్మా, మీవారు చెప్పిన పోలిక సరైనదే. వియన్నాలో ఫ్రాంజ్ గాల్ అనే వైద్యుడు ఉండేవాడు. చదువుకునే రోజుల్లో, బాగా కంఠస్థం చేసే తోటివాళ్లకు కళ్లు ఉబ్బెత్తుగా ఉండటం గమనించాడు. పదాల జ్ఞాపకం కళ్ల వెనక ఉంటుందని అక్కడి నుంచి అనుకున్నాడు. అలా పోయి పోయి బుర్రను 27 భాగాలు చేశాడు. ఏ గుణం ఎక్కువైతే అక్కడ కపాలం ఉబ్బుతుందన్నాడు. కపాలం మందం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పైన చెయ్యి పెట్టి తడిమితే లోపలి మెదడు ఆకారం దొరకదు. అయినా జనం విరగబడ్డారు. అమెరికాలో ఫౌలర్ సోదరులు ఊరూరా ఉపన్యాసాలిచ్చి, తలలు తడిమి, గుణాల పక్కన అంకెలు వేసిన అచ్చు కాగితం చేతికిచ్చి డబ్బు తీసుకునేవారు. మీ రంగుల రిపోర్టు ఆ కాగితానికి మనవడు.

హాస్య రచయిత మార్క్ ట్వేన్ లండన్‌లో ఫౌలర్ దగ్గరికి మారుపేరుతో వెళ్లాడు. హాస్యం ఉండాల్సిన చోట గుంట ఉందని చెప్పాడు ఆయన. మూడు నెలలాగి సొంత పేరుతో వెళ్తే అదే చోట ఎవరెస్టు శిఖరం కనబడింది! అందుకే అడుగుతున్నాను. వేలిముద్రలు తీసే ముందు మీతో ఏమైనా ఫారం నింపించారా?

కోట జంక్షన్‌ గారికి. ఒకే వానకు చోడీ మొలుస్తుంది, కలుపూ మొలుస్తుంది. కలుపు ఎత్తు చూసి చోళ్లు ఎన్ని కుంచాలు పండుతాయో చెప్పలేం కదా. కవలల్లో అచ్చు ఒకేలా పుట్టినవాళ్లకు కూడా వేలిముద్రలు వేరువేరుగా ఉంటాయి.

కోట జంక్షన్:
కవలల సంగతి నేను ఆలోచించలేదు మాస్టారూ. కానీ గాల్ పూర్తిగా తప్పు కాదని చదివాను. 1861లో బ్రోకా అనే ఫ్రెంచి వైద్యుడు మెదడు ఎడమ వైపున మాటకు సంబంధించిన చోటు చూపించాడు కదా. మొహం చూసి కొంత తెలుస్తుందని మన పెద్దవాళ్లూ అనేవారు. సాముద్రికం అంత పాతది, అందులో ఏమీ లేకుండానే ఇన్నాళ్లు నిలిచిందా?

సైన్స్ మాస్టారు:
మెదడులో చోటుకో పని ఉందన్నది నిజం, ఆ ఘనత గాల్‌కు ఇవ్వాలి. బ్రోకా ఆ చోటు కనుక్కున్నది మాట పడిపోయిన రోగి చనిపోయాక మెదడు బయటికి తీసి చూసి, నెత్తి తడిమి కాదు. నిలవడం గురించి అంటే, ముక్కు చూసి గుణం చెప్పడం యూరప్‌లోనూ నిలిచింది. 1831లో బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్, డార్విన్ ముక్కు చూసి ఈ మనిషికి పట్టుదల ఉండదని అనుమానించాడు. ఆ పిల్లాణ్ణి ఓడ ఎక్కనివ్వకపోతే?

సీతంపేట నుంచి:
నేను కొండ ఊళ్లో టీచర్‌ని. నాకు ఇది నాలుగు వేల నష్టంతో పోయే విషయంలా కనిపించదు. 1901 జనాభా లెక్కల నాటికి, వాటి అధికారి రిస్లీ దొర, మనుషుల ముక్కు వెడల్పును బట్టి కులాల హెచ్చుతగ్గులు తేల్చాడు. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ ప్రెసిడెన్సీ అంతా తలలు, ముక్కులు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. ఆ కాలంలోనే మన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవరలను ఇంట్లో కూర్చోబెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు, వాళ్ల పిల్లలకు బడి పెట్టారు. ఆయన అడిగారు, విన్నారు. పోయిన ఏడాది మా సవర పిల్లాణ్ణి ఒక ప్రైవేటు బడికి తీసుకెళ్తే, మొహం చూసి "ఇక్కడి సిలబస్ తట్టుకోలేడండి" అన్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు. వాడు బయట మెట్ల మీద కూర్చుని, ఆగి ఉన్న బస్సుల నంబర్లు కూడుతున్నాడు.

ఆముదాలవలస అమ్మ:
మాస్టారూ, ఫారం నింపించారు. రెండు పేజీలు. ఏ ఆటలిష్టం, ఏ సబ్జెక్టులో మార్కులు తక్కువ, పాటలు పాడతాడా, అన్నీ నా చేత్తోనే రాశాను. ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే రిపోర్టులో ఉన్నది నేను చెప్పిందే.

ఇంకో మాట ఇక్కడ రాయకూడదనుకున్నాను. రిపోర్టు వచ్చిన దగ్గర్నుంచి వాడు లెక్కల పుస్తకం తీయడం మానేశాడు. ఎందుకురా అంటే ఉంగరం వేలు చూపించి "ఇందులో లెక్కలు లేవంట కదమ్మా" అన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. నిన్న ఆ కాగితాలు బీరువా మీద పడేసి, ఇద్దరం భిన్నాలు పట్టుకుని కూర్చున్నాం. మూడు లెక్కలు బేగినే చేసేశాడు. నాలుగోది తప్పింది. ఎక్కడ తప్పిందో వాడే పట్టుకున్నాడు.