సమస్యాపూరణం: ‘కిటికి మూసినంత గృహము పోయె’

నిర్వాహకుడు, నెల్లూరు: పొంతన లేనట్టు తోచే పాదం ఒకటి ఇస్తే, అర్థం కుదిరేలా మిగతా పాదాలు రాయడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య ఆటవెలది అనే పద్యరీతిలో నాలుగో పాదం. ‘కి’కీ ‘గృ’కీ యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ ఒక అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) ఎలా కుదిరిందని ఒకరు అడిగారు, క, గ ఒకే వర్గంలోవి, ఋకారానికి ఇకారంతో మైత్రి ఉంది. 1985లో వెలువడిన కంప్యూటరు వ్యవస్థ విండోస్ పేరు తలచుకుంటే దారి దొరుకుతుంది.

చీమకుర్తి సభ్యుడు:
కొత్త యింటి పటముఁ గుదురుగా గీసితి,
దాచవలె నటంచుఁ దలఁప నైతి,
చుట్ట మొచ్చె ననుచుఁ జూడక తెరమీది
కిటికి మూసినంత గృహము పోయె!

నిర్వాహకుడు: అసలు పొరపాటంతా మీ రెండో పాదంలో ఉంది. తెర మీద కనిపిస్తున్నదంతా కంప్యూటరులో భద్రంగా ఉన్నట్టేనని చాలామంది నమ్ముతారు గానీ, సేవ్ చేసేదాకా ఆ గీతలు కరెంటు ఉన్నంతసేపే నిలిచే ర్యాములో ఉంటాయి తప్ప డిస్కుకు చేరవు. ‘చూడక’ అన్న మాట కూడా బరువైనదే. మూయబోతే సేవ్ చేయాలా అని అది అడుగుతుంది, ఆ ప్రశ్న చదవకుండా ‘నో’ నొక్కితేనే ఈ నష్టం. ‘మొచ్చె’ మాత్రం వాడుక రూపం, పద్యంలో నిలవదు. ‘అత్త వచ్చె ననుచు నాత్రానఁ దెరమీది’ అంటే గణాలూ (పాదంలోని అక్షరాల గుంపులూ) యతీ సరిపోతాయి.

చీమకుర్తి సభ్యుడు: సవరణకు కృతజ్ఞతలు. ఆ ‘నో’ నేను నిజంగానే నొక్కాను. వంటింటి గట్టు ఎత్తు దాకా కొలతలు వేసిన మూడు రోజుల పని పోయింది.

కందుకూరు విద్యార్థి (మూడో పాదం): ఫైలు దాచకుండ పవరు పోయెను

నిర్వాహకుడు: చివరి ఇంద్రగణం నిండలేదు. ‘ఫైలు దాచకుండఁ బవరు పోవఁగ నాకు’ అంటే నిండుతుంది. మన వైపు కరెంటు అనే అంటాం, కానీ యతి కోసం పవరు ఉండనివ్వండి. అయితే కరెంటు పోతే తెర మొత్తం ఆరిపోతుంది, కిటికీని ఎవరూ మూయలేదు కనుక సమస్య తీరలేదు. మళ్ళీ ప్రయత్నించండి.

ఒంగోలు సభ్యురాలు:
మనుమఁ డున్న యిల్లు మా తెరఁ జూచుచుఁ
దాత మురిసె నెంతొ, తాకె వేల
నింటుగుర్తు, వెంట నిట్లనె నయ్యయో
‘కిటికి మూసినంత గృహము పోయె!’

నిర్వాహకుడు: సమస్యను తాత నోట పలికించడంతో విరోధం పూర్తిగా తొలగింది. ఇంటుగుర్తు (×) తాకి మూసింది వీడియో కాల్ కిటికీని, ఇల్లు చెక్కుచెదరలేదు. మొదటి పద్యంలో నిజంగా పోయింది, ఇక్కడ పోయిందనుకోవడమే ఉంది. ‘మా తెర’లో ‘మా’ పాదపూరణకు వేసినట్టు తోస్తోంది.

ఒంగోలు సభ్యురాలు: కాదండీ, అది కావాలనే వేశాను. ఆ తాత మా నాన్నగారు, తెర మా ఇంట్లోది, ఇల్లు డల్లాసులో ఉన్న మా అబ్బాయిది. మళ్ళీ కాల్ కలిపి అదే గుమ్మాన్ని, అదే మెట్లను చూపించేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

నిర్వాహకుడు: అయితే ‘మా’ ఉండాల్సిందే. నా ఆక్షేపణను వెనక్కి తీసుకుంటున్నాను.