నింటెండో ఫోన్లలోకొచ్చి బాగుపడిందా, పరువు పోగొట్టుకుందా?

పాతక్యాసెట్టు: 2015 మార్చిలో నింటెండో అప్పటి ప్రెసిడెంట్ ఇవాటా గారు డీఎన్‌ఏ అనే మొబైల్ కంపెనీతో పొత్తు ప్రకటించినప్పుడే అనుకున్నా, ఇది అచ్చిరాదు అని. ఏం మిగిలింది చెప్పండి? వాళ్ళ ఫోన్ యాప్‌లే చూడండి, మీటోమో 2016లో వచ్చి 2018కి మూత, డాక్టర్ మారియో వరల్డ్ రెండేళ్ళ పైచిలుకు, డ్రగాలియా లాస్ట్ 2022లో పోయింది. సొంత గేమింగ్ మెషీన్లనే కొట్టున్నోడు పక్కోడి అరుగు మీద దుకాణం పెడితే ఇంతే.

కరీంనగర్_కార్ట్: గట్లెట్లంటవే అన్నా. ఫైర్ ఎంబ్లమ్ హీరోస్ 2017ల వచ్చింది, ఇంకా నడుస్తనే ఉంది. మారియో కార్ట్ టూర్ నేను రోజూ ఆఫీస్ బస్సుల ఆడుత. నడిచేటియి ఇడిసిపెట్టి సచ్చినయే లెక్కవెడ్తవా.

పాతక్యాసెట్టు: హీరోస్ దేనిమీద నడుస్తోందో అది చెప్పు. గాచా మీద. ఏ బొమ్మొస్తుందో తెలీకుండా డబ్బులేసి లాగడం, బెల్జియంలో ఇలాంటివి జూదం కింద లెక్క కడితే 2019లో హీరోస్, యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్ రెండూ అక్కడ ఎత్తేశారు. అదే సూపర్ మారియో రన్ చూడు, ఒక్కసారి 10 డాలర్లు కట్టు, మొత్తం ఆడుకో అన్నారు. నిజాయితీ అంటే అదీ. జనమే అనుకున్నంతగా కొనలేదు.

సీతాఫలం: నెట్ లేకపోతే తెరుచుకోని గేమ్‌కి నిజాయితీ ఏంటండీ బాబూ. ఆండ్రాయిడ్ వాళ్ళం 2017 మార్చి దాకా కాచుక్కూర్చుని కొన్నాం, తీరా రైల్లో తుని దాటగానే సిగ్నల్ లేదు, మారియో లేడు.

పాతక్యాసెట్టు: సిగ్నల్ సంగతి కాదండీ ఇక్కడ.

సీతాఫలం: నాకు అదే సంగతండీ. 10 డాలర్లు నావి.

చిల్లరషేర్లు: 2016 జులైలో పోకెమాన్ గో అనే ఫోన్ గేమ్ ఊపు చూసి నింటెండో షేరు ఎగబాకింది, మాకొచ్చే లాభం కొంచెమే మొర్రో అని వాళ్ళే చెప్తే దభాల్న పడింది. అంతే చెప్దామని వచ్చా.

పాతక్యాసెట్టు: మా అక్క కొడుకు ఏడో క్లాసు. ఏదో ఫోన్ గేమ్‌లే, పేరెందుకు, మా బావ కార్డు నించి 14 వేలు లాగేసింది. నింటెండో లాంటి వాళ్ళు కూడా ఆ దారే పట్టారన్నదే నా బాధ.

కరీంనగర్_కార్ట్: కార్డు ఫోన్ల సేవ్ జేసిచ్చినోన్ని అడుగు. కార్ట్ టూర్‌ల లాటరీ లెక్క బొమ్మలొచ్చే గాచా పైపులు 2022లనే తీసేసిన్రు, గది జెప్పవ్.

పాతక్యాసెట్టు: మా బావనంటావా? ఫోన్‌లో వేలు రాపాడించేవాళ్ళతో గేమింగ్ గురించి మాట్లాడ్డం నాదే తప్పు.

కరీంనగర్_కార్ట్: ఆ, ఇప్పుడొచ్చింది అసలు మాట. నింటెండో గేమ్ మెషీన్ స్విచ్ మనకాడ అఫీషియల్‌గ అమ్ముతలేరు, నేను అడిగినప్పుడు గ్రే మార్కెట్ల ముప్పై వేలన్నరు, వారంటీ లేదన్నరు. నాకు మారియో ఫోన్లనే దొరికిండు. నీకు మండేది గాచా గాదు, మేం గూడ ఆడుతున్నమని.

పాతక్యాసెట్టు: నేనేమైనా జమీందారునా? చిన్నప్పుడు గంటకి ఐదు రూపాయల షాపులో నిలబడి కాంట్రా ఆడినోణ్ణే, క్యాసెట్టు ఊది ఊది పెట్టేవాళ్ళం. మొన్న స్విచ్ కొనడానికి రెండేళ్ళు దాచాను తెలుసా.

కరీంనగర్_కార్ట్: గా క్యాసెట్టు మీద 9999 ఇన్ 1 అని ఉండెనా? నింటెండో గేమ్‌ల దొంగ కాపీయే గద. గప్పుడు నింటెండో పరువు యాదికి రాలే?

సీతాఫలం: 😂

డల్లాస్_మరదలు: ఇంకో సంగతి, పాకెట్ క్యాంప్ సర్వీసు 2024 నవంబర్లో ఆపేసి డిసెంబర్లో డబ్బులు ఒక్కసారే కట్టే వెర్షన్ తెచ్చారు, గాచా ఏడుపు లేదు. నేను కొన్నా, నెట్ లేకుండానే ఆడుతున్నా.

పాతక్యాసెట్టు: చూశారా, మారియో రన్ రోజుల్లోనే నేను చెప్పింది.

కరీంనగర్_కార్ట్: అది గూడ ఫోన్లనే గదనే అన్నా.

సీతాఫలం: తుని దాటాక కూడా ఆడొచ్చా అండీ?