నత్త స్పీడు ఏ యూనిట్లో రాయాలి? నా తెలివి వల్ల పాపకి మార్కు పోయింది

చిక్కుడుపందిరి:
అందరికీ నమస్కారం. మా పాప ఏడో క్లాసు. ఇంటి దగ్గర కదిలేది ఏదైనా చూసి దాని వడి కొలిచి రాయండి అని సైన్స్ ప్రాజెక్టు ఇచ్చారు. మొన్న వాన వెలిశాక ప్రహరీగోడ మీద నత్త కనిపిస్తే దాని పక్కనే స్కేలు ఆనించి పెట్టి, నా ఫోన్లో స్టాప్‌వాచ్ ఆన్ చేసి కూర్చుంది, మధ్యలో అది కొమ్ములు లోపలికి లాక్కుని ఆగిపోయింది, మళ్ళీ మొదట్నుంచి మొదలు. మొత్తానికి 3 నిమిషాల్లో 18 సెం.మీ. వచ్చింది. ఇక్కడిదాకా బానే ఉంది. స్పీడంటే గంటకి ఇన్ని కిలోమీటర్లు అనే కదమ్మా రాస్తారు అని నేను దూరిపోయి లెక్క కట్టించా, గంటకి 0.0036 కి.మీ. తేలింది. టీచర్ గారు దాని కింద ఎర్ర పెన్నుతో గీత కొట్టి "అనువైన ప్రమాణం వాడు" అని రాసి ఒక మార్కు కట్ చేశారు. ఇప్పుడది నన్ను పట్టుకుని "నాన్నా, మన లెక్క తప్పా?" అంటోంది. తప్పు కాదు కదా? పుస్తకంలో చూస్తే ఎస్.ఐ. యూనిట్ సెకనుకి మీటర్లు అని ఉంది, అలా రాస్తే 0.001, అదీ చూడ్డానికి బాలేదు. ఏది అనువైనదో చెప్పే రూల్ ఏమన్నా ఉందా అసలు?

సుద్దముక్క:
లెక్క కరెక్టేనండి, టీచర్ కూడా కరెక్టే. 0.0036 అని వింటే నత్త ఎంత మెల్లగా పోతుందో మీ కళ్ళకి కనపడిందా? నిమిషానికి 6 సెం.మీ. అనండి, అగ్గిపెట్టె కంటే కాస్త పొడుగు, వెంటనే తెలిసిపోతుంది. ఈ పాఠం పాతికేళ్ళు చెప్పాను, ప్రతి ఏడాదీ పిల్లలు చేసేది ఒకటే, దూరం యూనిట్ మారుస్తారు కానీ టైం యూనిట్ ముట్టుకోరు. రెండూ మార్చుకోవచ్చు. గోరు పెరిగేది నెలకి 3 మి.మీ. దాకా, మన ఇండియా ఉన్న భూఫలకం జరిగేది ఏడాదికి 5 సెం.మీ. చొప్పున, వీటిని సెకన్లలో రాస్తే సున్నాలు లెక్కపెట్టుకోవడమే మన పని.

ఇంకోటి, మీ పాప చేతిలో ఉన్నది సెంటీమీటర్ల స్కేలు, చూసింది నిమిషాల్లో. యూనిట్ అక్కడే దొరికేసింది, మీరే కిలోమీటర్ల దాకా లాక్కెళ్ళారు 😀 గంటసేపు ఆ నత్త నడవనూ లేదు, మీరు చూడనూ లేదు.

ఎస్.ఐ. యూనిట్ ఎందుకంటే ఫార్ములాలో వేసేటప్పుడు. త్వరణం, బలం లాంటివి లెక్క కట్టాలంటే అన్నీ మీటర్లు సెకన్లలోకి తెచ్చుకోవాలి, ఒకటి కిలోమీటర్లలో ఒకటి సెకన్లలో ఉంటే జవాబు ఎటో పోతుంది. గంటకి 18 కి.మీ. అంటే సెకనుకి 5 మీటర్లు, ఇదొక్కటి గుర్తుంటే చాలు, 36 అయితే 10, 72 అయితే 20, అలా పోతుంది.

చంద్రయాన్-3 దిగడం లైవ్ చూశారుగా, 2023 ఆగస్టు 23న. కిందికి దిగడం మొదలెట్టినప్పుడు 30 కి.మీ. ఎత్తు, సెకనుకి దాదాపు 1.68 కి.మీ. స్పీడు. చివర్లో 150 మీటర్ల ఎత్తు, నేలని తాకేటప్పుడు సెకనుకి 2 మీటర్ల లోపు ఉండాలి అన్నారు. అదే ల్యాండర్, 20 నిమిషాల్లో కిలోమీటర్ల నుంచి మీటర్లలోకి వచ్చేసింది. పాపకి ఇది చెప్పండి.

రసమట్టం:
సార్ చెప్పింది బావుంది కానీ మా ఫీల్డులో ఇది నడవదు. నేను బిల్డింగ్ సైట్లో చేస్తా. డ్రాయింగ్ మొత్తం ఎం.ఎం.లోనే వస్తుంది, గది 3600, గోడ 230, ప్లాస్టరింగ్ 12, ఎక్కడా యూనిట్ రాయరు, పాయింటూ ఉండదు. 3.6 మీటర్లు అంటే చిన్న నంబరే కదా అనిపిస్తుంది, ఆ కాగితం నాలుగుసార్లు జిరాక్స్ అయ్యి సిమెంటు చేతుల్లో నలిగాక చుక్క ఉందో చెరిగిందో ఎవడికి తెలుసు? అందుకే పెద్ద నంబరైనా ఒకే యూనిట్. పక్కపక్కన పెట్టి పోల్చేవి, కూడేవి ఉంటే అన్నీ ఒకదాంట్లోనే ఉండాలి అన్నమాట. మేస్త్రీ మాత్రం 230ని "తొమ్మిదంగుళాల గోడ" అనే అంటాడు, ప్లైవుడ్ షాపుకెళ్తే "8 బై 4 షీటు, 18 ఎం.ఎం." అంటారు, ఒకే షీటుకి పొడవు వెడల్పులు అడుగుల్లో, మందం మిల్లీమీటర్లలో. ఎవరికీ కన్ఫ్యూజన్ లేదు, అదే విచిత్రం.

నైట్‌డ్యూటీ:
నేను లారీ తోలతాను, చదువు పెద్దగా లేదు గానీ ఒకటి చెప్తా. మీటర్లో 90 కనపడితే మనకేం అనిపించదు, ఎన్ని గంటల్లో ఊరు చేరతామో చూసుకోడానికి ఆ కిలోమీటర్లే పనికొస్తాయి. ఒక ట్రైనింగులో ఆ సారు 90 అంటే సెకనుకి 25 మీటర్లు అని బోర్డు మీద రాసి, ఫోన్ మోగితే ఎవరా అని రెండు సెకన్లు చూశావనుకో, 50 మీటర్లు కళ్ళు మూసుకుని తోలినట్టే అన్నాడు. క్రికెట్ పిచ్ ఒకటి 20 మీటర్లు, అలాంటివి రెండు పెట్టినా ఇంకా మిగులుతుంది. అప్పట్నించీ ఫోను వెనక సీటులో పడేస్తున్నా. బ్రేకు వేసేవాడికి సెకన్లే ముఖ్యం, గంటలు కాదు.

పొద్దున్నేపరుగు:
మా రన్నింగ్ గ్రూపులో అయితే గంటకి ఎన్ని కి.మీ. అని ఎవరూ అడగరు, "పేస్ ఎంత?" అంటారు, అంటే కిలోమీటరుకి ఎన్ని నిమిషాలు. 6 నిమిషాలు అంటే గంటకి 10 కి.మీ. అన్నట్టు. కొత్తవాళ్ళు ఇందులో బోల్తా పడతారు, నంబర్ తగ్గేకొద్దీ స్పీడు పెరుగుతుంది కదా, ఒకాయన 6 నుంచి 7కి వచ్చానని స్వీట్లు పంచబోయాడు 😂

అన్నట్టు ప్రాజెక్టులో ఇంగ్లీషులో రాస్తే కిలోమీటరుకి చిన్న కె, చిన్న ఎం వాడమనండి, పెద్ద కె అంటే కెల్విన్. రోడ్డు బోర్డులు చూసి అందరం తప్పే నేర్చుకున్నాం.

చిక్కుడుపందిరి:
అందరికీ థాంక్యూ. సార్, నిమిషానికి 6 సెం.మీ. అని మార్చి రాసుకెళ్ళింది, మార్కు రాలేదు గానీ టీచర్ గారు పక్కన టిక్ పెట్టారంట. రసమట్టం గారి మాట విని, తర్వాత కొలిచిన చీమనీ గొంగళిపురుగునీ కూడా నిమిషానికి సెంటీమీటర్లలోనే టేబుల్ వేసింది, చీమ నంబర్ చూసి నత్త మీద జాలిపడింది. ఇప్పుడు పందిరి మీద చిక్కుడు తీగ చివర దారం కట్టి పెట్టింది. దానికి గంటలా రోజులా అని అడిగితే "రేపు పొద్దున చూసి చెప్తా, నువ్వు మాత్రం లెక్కలోకి రాకు" అంది.